మా సామ్ విసిరిన బంతులు: దుబాయ్‌లో ఒక బేస్‌బాల్ ఎంపిక

నేను ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మాది నరసాపురం దగ్గర ఊరు. మా తమ్ముడు సామ్యూల్ కోవిడ్ తగ్గాక ఇక్కడికి వచ్చి, దుబాయ్‌లోని అల్ వర్సాన్‌లో ఒక గోదాములో పనికి కుదిరాడు. ఇంట్లో అందరం వాణ్ణి సామ్ అంటాం. ఆటల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. క్రికెట్టే సరిగ్గా చూడనిదాన్ని, బేస్‌బాల్ గ్రౌండు వెతుక్కుంటూ దుబాయ్ శివార్లకు ఎందుకు వెళ్ళానంటే, జనవరిలో ఒక సాయంత్రం సామ్ చేసిన ఫోనే కారణం. "అక్కా, శనివారం నీకు డ్యూటీ ఉందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే నాతో రావాలి. బేస్‌బాల్ సెలక్షనంట. బంతి గట్టిగా విసిరేవాళ్ళు ఎవరైనా రావచ్చంట. ఆ కోచ్ ఇంగ్లీషు నాకు సగం కూడా అర్థం కాదు. నువ్వు పక్కన నిలబడి చెబుతూ ఉండవా?"

వాడు అంతగా ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. సామ్ ఊళ్ళో ఫాస్ట్ బౌలర్. కాలేజీ రోజుల్లో జిల్లా జట్టు దాకా వెళ్ళాడు. అక్కడ ఒక మ్యాచ్‌లో అంపైరు వరసగా నోబాల్ ఇచ్చాడు. బంతి వదిలేటప్పుడు మోచెయ్యి వంగుతోందన్నాడు. తర్వాత వీడియో తీసి చూశారు. ఇది బౌలింగ్ కాదు, విసరడం అన్నారు. చెయ్యి తిన్నగా పెట్టి వేయమన్నారు. వాడు మేడ మీద గోడకి ఎదురుగా నిలబడి నెలల తరబడి ప్రయత్నించాడు. చెయ్యి తిన్నగా వస్తే వేగం పోయేది, వేగం వస్తే చెయ్యి వంగేది. చివరికి బ్యాటూ బంతీ మంచం కింద పెట్టేసి దుబాయ్ వచ్చేశాడు. ఇక్కడ గదిలో ఉండే ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు వాడికి బేస్‌బాల్ చేతికిచ్చి, ఇందులో మోచెయ్యి వంచే విసరాలని చెప్పాడట. ఆ రోజు ఫోన్లో వాడి గొంతు ఇప్పటికీ నాకు గుర్తే. "నా చెయ్యి తప్పు కాని ఆట ఒకటుందక్కా" అన్నాడు.

శనివారం పొద్దున్న ఆరున్నరకి మల్లేశ్ కారు మా బిల్డింగు ముందుకొచ్చింది. మల్లేశ్‌ది సిరిసిల్ల. ఉమ్ అల్ క్వైన్ నుంచి దుబాయ్‌కి రోజూ ఆఫీసులకు వెళ్ళేవాళ్ళని కార్ లిఫ్ట్‌లో తీసుకువెళ్తాడు. సీటుకి పాతిక దిర్హాములు తీసుకుంటాడు. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం దాకా కారంతా మాకే కావాలని రెండువందల యాభైకి మాట్లాడుకున్నాను. బస్సులో కూడా దుబాయ్ వెళ్ళొచ్చు, సీటు డబ్బుల్లో సగానికి సగం మిగులుతుంది. కానీ ఆ గ్రౌండు వైపు బస్సులు లేవు. టాక్సీ వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం దొరకదు. "ఏడికి పోతున్నమక్కా, గ లొకేషన్‌ల రోడ్డు గూడ కనిపిస్తలేదు" అన్నాడు మల్లేశ్, ఫోను చూస్తూ. బేస్‌బాల్ అని చెప్పాను. "గదేం ఆట? క్రికెట్ లెక్కనేనా?" అన్నాడు. నాకూ తెలియదన్నాను.

అల్ వర్సాన్‌లో గోదాముల వరసకి ఇవతల, టీ కొట్టు ముందు సామ్ నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల టీషర్టు, క్రికెట్ బూట్లు, భుజాన చిన్న సంచి. కారెక్కగానే "యల్లా భాయ్, లేటైపోద్ది" అని మల్లేశ్‌ని తొందరపెట్టాడు. వెనక సీట్లో నా పక్కన కూర్చుని, కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ ముడుస్తూ చాపుతూ ఉన్నాడు. కాసేపు చూసి అడిగాను.

"ఏంట్రా, తిమ్మిరా?"

"చలిలే అక్కా."

జనవరిలో పొద్దుటిపూట చలి ఉంటుంది, నిజమే. కానీ అంతకు నెల ముందు వాడు మోచేతి నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలని నన్ను అడిగాడు. పెట్టెలు మోసి పట్టేసిందన్నాడు. డాక్టరుకి చూపించమంటే సరేనన్నాడు. చూపించావా అని కారులో అడిగాను. "తగ్గిపోయిందక్కా" అని కిటికీ వైపు తిరిగాడు. అంతటితో నేనూ ఊరుకున్నాను.

హైవే దిగి ఇసుక నేల మధ్య సన్నటి తారు రోడ్డు మీద కొంత దూరం వెళ్ళాక, ఇనుప జాలీ కంచె, దాని వెనక ఎత్తైన వలలు కనిపించాయి. ఎనిమిది కావస్తోంది. పేరు చెప్పి లోపలికి వెళ్ళాం, రుసుము ఏమీ లేదు. అక్కడ నలభై మంది దాకా కుర్రాళ్ళున్నారు. పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్, మన కేరళ. చాలామంది క్రికెట్ బౌలర్లేనని బూట్లు చూస్తేనే తెలుస్తోంది. చూడ్డానికి వచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. కోచ్ పేరు రఫాయెల్, కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్ దేశస్తుడు. అరవైకి దగ్గరగా ఉంటాడు. నల్లగా, పొడుగ్గా, ఎండకి కళ్ళు చికిలించి మాట్లాడే మనిషి. నేను నర్సునని, తమ్ముడికి మాటలు చెప్పడానికి వచ్చానని చెబితే, ఒక కుర్చీ తెప్పించి వల వెనక నీడలో వేయించాడు.

చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. క్రికెట్‌లో పిచ్ అంటే నేల. బేస్‌బాల్‌లో పిచ్ అంటే విసిరిన బంతి. విసిరేవాడు పిచర్. వాడు చిన్న మట్టిదిబ్బ మీద నిలబడతాడు. పరుగెత్తుకు రావడం ఉండదు. ఎదురుగా, క్రికెట్ పిచ్ కన్నా కాస్త తక్కువ దూరంలో బ్యాటు పట్టుకున్నవాడు, వాడి వెనక పెద్ద తోలు గ్లవ్ వేసుకుని కూర్చున్న క్యాచర్. బంతి నేలని తాకకుండా గాలిలోనే వెళ్ళాలి. క్రికెట్ బంతికి కుట్టు నడుం చుట్టూ తిన్నగా ఉంటుంది. దీనికి ఎర్రదారం కుట్టు మెలికలు తిరిగి, ఒకచోట గుర్రపు లాడంలా విచ్చుకుని, ఇంకోచోట దగ్గరకి వస్తుంది. ఆ కుట్టు మీద వేళ్ళు ఎక్కడ పెట్టాం, ఏ వేలితో చివరిగా తాకాం అన్నదాన్ని బట్టి బంతి దారి మారుతుంది. రఫాయెల్ మొదటి అరగంటలో చెప్పింది ఇదే. ఆయన అన్నది నేను తెలుగులో సామ్‌కి, పక్కనున్న పాకిస్తాన్ కుర్రాడు వింటుంటే అతనికి నా ఆసుపత్రి హిందీలో చెబుతూ వచ్చాను.

మొదట ఫాస్ట్‌బాల్. చూపుడువేలూ మధ్యవేలూ లాడం ఆకారం మీద కుట్టుకి అడ్డంగా పెట్టి, బొటనవేలు కింద ఆనించాలి. బంతికీ అరచేతికీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. విసిరినప్పుడు వేళ్ళ కొసలు బంతిని వెనక్కి లాగినట్టు వదలాలి. అప్పుడది వెనక్కి తిరుగుతూ, కిందికి జారకుండా తిన్నగా దూసుకెళ్తుంది. అన్నిటికన్నా వేగం దీనికే. సామ్ దిబ్బ మీదికెక్కి మొదటి బంతి విసిరాడు. క్యాచర్ గ్లవ్‌లో అది తగిలిన చప్పుడుకి అటుపక్కవాళ్ళు కూడా తిరిగి చూశారు. రఫాయెల్ చేతిలో వేగం చూసే చిన్న యంత్రం ఉంది. ఆయన దాన్ని చూసి, ఇంకోటి వెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

అదే వేళ్ళని కుట్లు దగ్గరకొచ్చిన చోట, కుట్టుకి అడ్డంగా కాక దాని వెంబడి పెడితే టూ-సీమ్ అవుతుంది. చూపుడువేలు కొంచెం గట్టిగా నొక్కితే కుడిచేతి పిచర్ వేసిన బంతి కుడిచేతి బ్యాటర్ ఒంటివైపు జరుగుతూ దిగుతుంది. ఆ తర్వాత చేంజప్. బొటనవేలూ చూపుడువేలూ బంతి పక్కన సున్నా చుట్టినట్టు పెట్టి, మిగిలిన మూడు వేళ్ళతో బంతిని అరచేతిలోకి దించి పట్టుకోవాలి. చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్‌కి తిప్పినంత వేగంగానే తిప్పాలి. బంతి నెమ్మదిగా వస్తుంది, బ్యాటర్ ముందే ఊపేస్తాడు. "అబద్ధం చేతిలో ఉండకూడదు, పట్టులోనే ఉండాలి అని చెప్పు" అన్నాడు రఫాయెల్. చెప్పాను. సామ్ నవ్వి, రెండు మూడు బంతులు నేలకేసి కొట్టాక నాలుగోది సరిగ్గా వేశాడు. వాడు నవ్వగా చూసి చాలా కాలమైంది.

తొమ్మిదిన్నరకల్లా సగం మందిని పంపేశారు. మిగిలినవాళ్ళకి కర్వ్‌బాల్ చూపించారు. మధ్యవేలు కుట్టు పక్కన ఆనించి, బొటనవేలు అవతలి కుట్టు కింద పెట్టి, మణికట్టు బిగించి, చేతిని పైనుంచి కిందికి నరికినట్టు దించాలి. బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతుంది. కళ్ళ ఎత్తున వస్తున్నట్టే కనిపించి మోకాళ్ళ దగ్గరకి పడిపోతుంది. సామ్ వేసిన ఒక బంతికి ఎదురుగా ఉన్న బ్యాటర్ తలకి తగులుతుందేమోనని వెనక్కి తగ్గాడు. అది చివర్లో కిందికి వంగి క్యాచర్ గ్లవ్‌లో పడింది. అప్పుడు రఫాయెల్ నా వైపు నడిచి వచ్చాడు. ఎంపికైన ఆరుగురిని మూడు నెలలు శిక్షణకి తీసుకుంటారని, బసా భోజనమూ వాళ్ళదేనని, గోదాము కంపెనీతో కూడా మాట్లాడతారని చెప్పి, "మీ తమ్ముడి పేరు నా మనసులో ఉంది" అన్నాడు. సామ్‌కి చెప్పాను. వాడు గ్లవ్‌తో మొహం కప్పుకున్నాడు.

ఆ తర్వాత స్లైడర్. వేళ్ళు బంతి మధ్యలో కాకుండా బయటి అంచువైపు పెట్టి, ఫాస్ట్‌బాల్ లాగే విసురుతూ చివర్లో చూపుడువేలితో పక్కకి కోసినట్టు వదలాలి. బంతి వేగంగానే వెళ్ళి, బ్యాటుకి చేరబోతూ పక్కకి జారుతుంది. సామ్ మొదటిది బాగానే వేశాడు. రెండోది వేశాక చెయ్యి కిందికి వేలాడేసి, వేళ్ళు విదిలించాడు. మూడోదానికి మోచెయ్యి భుజం కన్నా కిందికి దిగిపోయింది. బంతి క్యాచర్‌కి చాలా దూరంగా వెళ్ళి వలలో పడింది. వాడు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. వార్డులో ఇరవై మంది మొహాలు ఒకేసారి చూసే అలవాటున్నదాన్ని, ఆ కళ్ళు మూసుకోవడం ఎందుకో నాకు తెలిసింది. లేచి వల దగ్గరికి వెళ్ళాను.

రఫాయెల్ కూడా చూశాడు. దిబ్బ మీదికి వెళ్ళి నొప్పి ఉందా అని అడిగాడు. "నో పెయిన్, నో పెయిన్" అన్నాడు సామ్. ఆయన వాడి చెయ్యి పట్టుకుని మోచేతి లోపలివైపు బొటనవేలితో నొక్కాడు. వాడి దవడ బిగుసుకుంది. అప్పుడాయన నన్ను లోపలికి పిలిచాడు. "మీరు నర్సు, అతని అక్క. మీరు అడిగి చెప్పండి."

"సామ్, నొప్పి ఉందా?" అన్నాను.

"లేదని చెప్పక్కా."

"వేళ్ళు ఎప్పటినుంచి మొద్దుబారుతున్నాయిరా?"

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. లేదని చెప్పు. ఈ మూడు నెలలూ గడిస్తే చాలు. మళ్ళీ ఆ గోదాములోకి పోలేను."

వాడి కళ్ళలోకి చూడలేకపోయాను. గ్రౌండంతా మమ్మల్నే చూస్తున్నట్టు అనిపించింది. లేదని చెబితే వాడు వెళ్తాడు, ఇంకా కొన్ని వారాలు విసురుతాడు, ఆ చెయ్యి ఏమవుతుందో నాకు తెలుసు. ఉందని చెబితే పొద్దున్న వాడి మొహంలో చూసిన నవ్వు నేనే తీసేసినదాన్నవుతాను. ఆసుపత్రిలో రోగి ఏమన్నాడో అతని మాటల్లోనే రాయమని మాకు నేర్పుతారు. నాకు ఆ క్షణంలో అదొక్కటే తోచింది. రఫాయెల్ వైపు తిరిగి, "నొప్పి లేదని నన్ను చెప్పమంటున్నాడు" అన్నాను.

ఆయన తల ఊపాడు. సామ్ చేతిలోంచి బంతిని నెమ్మదిగా తీసుకున్నాడు. సామ్‌కి అంత ఇంగ్లీషు అర్థమైందో లేదో గానీ, బంతి పోవడం అర్థమైంది. "అక్కా, ఏం చెప్పావు?" అని ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా దిబ్బ దిగి, నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

రఫాయెల్ వాడి వెనకే వెళ్ళాడు. తన చొక్కా చెయ్యి మడిచి, మోచేతి లోపలివైపు జానెడు పొడుగున ఉన్న పాత కుట్ల మచ్చ చూపించాడు. మోచేతి ఎముకల్ని కలిపి పట్టుకునే నరంలాంటి పట్టీ ఒకటి ఉంటుందని, పిచర్ విసిరిన ప్రతిసారీ బరువంతా దానిమీదే పడుతుందని, అది పూర్తిగా తెగితే కోసి వేరే పట్టీ వెయ్యాలని, ఏడాదికి పైగా పడుతుందని చెప్పాడు. తనకి ఇరవై రెండేళ్ళప్పుడు అదే జరిగిందని, మళ్ళీ పెద్ద ఆట ఆడలేదని అన్నాడు. ఇవన్నీ నేను సామ్ వీపుకి చెప్పాను. వాడు తిరగలేదు. రఫాయెల్ వాడి భుజం మీద చెయ్యి వేసి, ఇక్కడి అందరికీ తెలిసిన మాటే అన్నాడు. "ఈ రోజుకి ఖలాస్."

పదకొండు దాటాక బయటికొచ్చాం. మల్లేశ్ మా ఇద్దరి మొహాలూ చూసి, రేడియోలో పాట ఆపేశాడు. చాలా దూరం వెళ్ళాక అద్దంలోంచి నన్ను చూసి, "ఏమాయె అక్కా?" అని మెల్లగా అడిగాడు. చెయ్యికి దెబ్బ అన్నాను. "ఫికర్ చేయకు తమ్మీ, చెయ్యి మంచిగుంటే అన్నీ వస్తయ్" అన్నాడు. సామ్ కిటికీకి తల ఆనించాడు. వాణ్ణి అలా గదికి పంపడం ఇష్టం లేక పాత దుబాయ్‌లోని నైఫ్ పేట వైపు పోనివ్వమన్నాను. అక్కడ సెల్‌ఫోన్ షాపుల సందులో మేడ మీద, భీమవరం వైపు నుంచి వచ్చిన రత్నంగారు మెస్ నడుపుతారు. పన్నెండు దిర్హాములకి అన్నం, పప్పు, వేపుడు, చేపల పులుసు. మెట్లు ఇరుకు, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చోటుండదు.

రత్నంగారు వడ్డించి వెళ్ళారు. సామ్ అన్నంలో పులుసు పోసుకుని కలపబోయాడు. ఉంగరం వేలూ చిటికెన వేలూ వంగలేదు. ముద్ద చేతిలోంచి జారి కంచంలో పడింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ పడింది. రత్నంగారు అటుగా వస్తూ చూసి ఆగారు. "ఏంటి నాన్నా, చెయ్యి పట్టేసిందా?" అని, సమాధానం కోసం చూడకుండా వాడి కంచం తనవైపు లాక్కుని, ముల్లు తీసి, అన్నం కలిపి, ఒక చెంచా గుచ్చి ముందుకు జరిపారు. "తిను. చల్లారిపోతే నీచొస్తుంది." సామ్ ఎడం చేత్తో చెంచా పట్టుకున్నాడు. తల వంచుకుని తింటూనే ఏడ్చాడు. నేను నా కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. గది దగ్గర కారు ఆగగానే వాడు సంచి తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు వారాలు నా ఫోను ఎత్తలేదు. మూడో వారం ఒక మధ్యాహ్నం మా ఆసుపత్రి రిసెప్షన్ నుంచి కబురొచ్చింది. కిందికి వెళ్తే సామ్. చేతిలో స్కానింగ్ ఫిల్ము కవరు. కంపెనీ ఇన్సూరెన్సు మీద దుబాయ్‌లో తీయించుకున్నాడట. మా ఎముకల డాక్టరుకి చూపించాం. పట్టీ సగం చిరిగింది, పూర్తిగా తెగలేదు. ఆపరేషన్ అక్కర్లేదు, నెలల తరబడి విసరకూడదు, బరువులెత్తకూడదు, వ్యాయామం చెయ్యాలి అన్నారు. ఇంకో పది రోజులు అలాగే విసిరి ఉంటే ఏమయ్యేదని సామ్ తనంతట తానే అడిగాడు. డాక్టరు చెప్పింది విని తల వంచుకున్నాడు. బయట బెంచీ మీద కూర్చున్నాక అన్నాడు: "ఆ రోజు నువ్వు లేదని చెప్పుంటే, నేను జన్మలో ఉందని చెప్పేవాణ్ణి కాదక్కా. కానీ కోపం ఇంకా పోలేదు. అబద్ధం చెప్పలేను." అలాగే ఉండనివ్వమన్నాను. టీ తాగి వెళ్ళాడు.

గోదాము ముదీర్, అంటే మేనేజరు, మంచివాడు. వాణ్ణి మోత పని నుంచి తీసేసి స్కానర్ పట్టుకుని సరుకు చూసుకునే పనిలో వేశాడు. ఎండాకాలమంతా వ్యాయామం చేశాడు. అక్టోబరులో డాక్టరు కొంచెం కొంచెంగా విసరవచ్చన్నాక, రఫాయెల్ దగ్గరికి మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. ఆరుగురి జట్టు ఎప్పుడో నిండిపోయింది. శిక్షణ సంగతి ఎత్తే ప్రశ్నే లేదు. అయినా ఆయన సామ్‌ని గుర్తుపట్టి, చెయ్యి నొక్కి చూసి, దిబ్బ మీంచి విసిరే దూరంలో సగానికి నిలబెట్టి నకుల్‌బాల్ పట్టు చూపించాడు. రెండు వేళ్ళ గోళ్ళు కుట్టు వెనక తోలులో గుచ్చి, బొటనవేలితో ఆనించి, మణికట్టు కదలకుండా బంతిని ముందుకు నెట్టాలి. మిగతా బంతులన్నీ తిరగడం వల్ల దారి మారితే, ఇది తిరగకపోవడం వల్ల మారుతుంది. నెమ్మదిగా, ఊగిసలాడుతూ వెళ్ళి ఎక్కడ పడుతుందో విసిరినవాడికే తెలియదు. మోచేతి మీద బరువు తక్కువ. సరిగ్గా రావడానికి ఏళ్ళు పడుతుందని, చాలామందికి ఎప్పటికీ రాదని కూడా రఫాయెల్ దాచకుండా చెప్పాడు. ఇవన్నీ తెలుగులో చెప్పాను. ఈసారి సామ్ నా మొహం చూస్తూ విన్నాడు.

ఇప్పుడు శనివారాలు అల్ వర్సాన్ వెనక ఖాళీ నేలలో, ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడు గ్లవ్ పట్టుకుని కూర్చుంటే సామ్ విసురుతున్నాడు. నేను వీలైనప్పుడు వెళ్ళి చూస్తున్నాను. వాడు పిచర్ అవుతాడో లేదో తెలియదు, అవ్వకపోవచ్చు కూడా. ఆ రోజు గ్రౌండులో ఒకరి కోసం మాట్లాడడమంటే ఏమిటో నాకు కొత్తగా అర్థమైంది. వాడి మాట మార్చకుండా చెప్పాలి, దాని కింద దాగి ఉన్నదీ వినపడేలా చెప్పాలి. రెండూ ఒకేసారి చెయ్యడం కష్టం, చేశాక వచ్చే దూరం భరించడం ఇంకా కష్టం. పోయినవారం సామ్ వేసిన ఒక బంతి అసలు తిరగలేదు. ఎర్ర కుట్టు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తూ, గాలిలో అటూ ఇటూ తూగి, గ్లవ్ తప్పించుకుని ఆ కుర్రాడి ఛాతీకి తగిలింది. అతను నొప్పి మరచి లేచి గంతులేశాడు. సామ్ నావైపు తిరిగి, "చూశావా అక్కా?" అని అరిచాడు. చూశాను.

మీరెవరైనా ఇలాంటి ఎంపికకి వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి మార్చి దాకా, పొద్దున్నే వెళ్ళండి. తిరుగు కారు ముందే మాట్లాడుకోండి. విసరబోయేవాళ్ళ మోచెయ్యి, భుజం డాక్టరుకి చూపించాకే బయలుదేరండి. గ్రౌండులోకి దిగాక నొప్పి ఉందని చెప్పడం ఎవరివల్లా కాదు.